ఎస్తేరు ఆంటీ నడిచి వెళ్లిన మధ్యాహ్నం

పోయిన నెల పనిమీద ఆక్లండ్ వెళ్లినప్పుడు కాస్త సమయం మిగిలితే కారును మౌంట్ ఆల్బర్ట్ వైపు తిప్పాను. పాతికేళ్లు నిండకముందు నేనున్న చెక్క ఇల్లు ఆ వీధి మలుపులో ఉండాలి. లేదు. ఆ స్థలంలో ఆరు బూడిదరంగు టౌన్‌హౌస్‌లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. ముందున్న ఫీజోవా పండ్ల చెట్టును కూడా కొట్టేశారు. ఎవర్నడిగి కూల్చారని నాకు భలే కోపం వచ్చింది. అడగడానికి అదేమన్నా నా ఇల్లా? ఆ మాటకొస్తే ఎస్తేరు ఆంటీ వాళ్లదీ కాదు. వాళ్లు అద్దెకుండేవాళ్లు, వాళ్ల వెనక గదిలో నేను అద్దెకుండేదాన్ని. అయినా రోడ్డు పక్కన కారాపి, ఇంజిను కట్టేసి, చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది వాసన. చలికాలంలో గోడలు చెమర్చిన వాసన, దాని మీద చేపల పులుసు వాసన, ఆ రెండిటి మీద లాండ్రీ గదిలో బకెట్లో నానుతున్న ఆంటీ యూనిఫామ్ మందు వాసన. ఆంటీది బాపట్ల దగ్గర పల్లె. అక్కడ నర్సు చదివి పదేళ్లు పనిచేసి వచ్చినా ఇక్కడి పరీక్షలు ఇంకా పూర్తికాక, ముసలివాళ్లను చూసుకునే ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా పనిచేసేది. స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం. ఆంటీ భర్త ప్రసాద్ అంకుల్ బ్రెడ్ ఫ్యాక్టరీలో పని ముగించుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు. ఆయన ఒంటి మీది బ్రెడ్ వాసనకు మాత్రం నాకు ఎప్పుడూ ఆకలేసేది. నేను వరంగల్ నుంచి డిప్లొమా చదవడానికి వచ్చిన పిల్లను. వంట రాదు, దుప్పటి మడత పెట్టడం రాదు, చలికి ముక్కు కారడం ఒక్కటే బాగా వచ్చు. ఆంటీ నాకు మొదటి వారంలోనే ఊలు సాక్సు రెండు జతలు తెచ్చిచ్చి, "ఇట్టా ఉత్త కాళ్లతో తిరిగితే మీ అమ్మకి నేనేం జవాబు చెప్పాలి?" అని కసిరింది.

పొద్దున పూట అందరం ఇంట్లో ఉన్న రోజు టేబుల్ చుట్టూ ప్రార్థన జరిగేది. అంకుల్ గొంతు సవరించుకుని ఊళ్లో వాళ్లతో మొదలుపెట్టి, సంఘంలో జబ్బుపడ్డవాళ్ల మీదుగా, నా పరీక్షల దాకా వచ్చేవారు. చివర్లో రెసిడెన్సీ ఫైలు. ఈ దేశంలో ఉండిపోవడానికి వాళ్లు పెట్టిన అర్జీ అది. అందులో అన్ని కాగితాలూ చేరాయి, ఒక్కటే తక్కువ. ఆంటీ ఉద్యోగం ఇకముందూ ఉంటుందని రెస్ట్‌హోమ్ మేనేజర్ రాసివ్వాల్సిన లెటర్. "ఆ మేనేజరమ్మ మనసు మెత్తబడేలా చెయ్యి ప్రభువా" అని అంకుల్ రోజూ అడిగేవారు. నేను సగం కళ్లు మూసి, సగం ఉప్మా చల్లారడం చూస్తూ ఉండేదాన్ని. ఆ ఇంట్లో ఇంకో అలవాటు కూడా నాకు త్వరగానే అర్థమైంది. ఎవరైనా ఏదైనా అడిగితే కాదని మొహం మీద చెప్పరు. "ప్రార్థన చేసి చెప్తాంలే" అంటారు. అలా అన్నారంటే ఆ పని జరగదని లెక్క. సంఘంలో అందరికీ తెలుసు, అయినా అందరూ మర్యాదగా తల ఊపి వెళ్లిపోయేవాళ్లు.

భోజనాల దగ్గర ఆంటీ చెప్పే కబుర్లలో సగం జీన్ గురించే. జీన్ ఒకప్పుడు బడిపంతులమ్మ, తొంభై దగ్గర పడింది, కళ్లు చక్కగా కనిపిస్తాయి కానీ చేతులు వణుకుతాయి. కప్పు ఎవరో ఒకరు పట్టుకుంటే గానీ టీ తాగలేదు. కేర్‌గివర్లు ఒక్కొక్కరూ చాలామందిని చూసుకోవాల్సి వచ్చేసరికి, జీన్‌కు నిదానంగా తాగించే తీరిక ఉండేది కాదు. అందుకే అక్కడి పనివాళ్లు యూనియన్‌లో చేరి, భోజనాల వేళ ఇంకో మనిషిని పెట్టమని, తమకు కాసేపు కూర్చునే టైం ఇవ్వమని అడుగుతున్నారు. ఆంటీ ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఎవరెవరు పెట్టారో మేనేజర్ చూస్తోందని అందరూ అనుకునేవాళ్లు. "లెటర్ చేతికి రానీ, అప్పుడు ముందు సంతకం నాదే" అనేది ఆంటీ.

నేను చదువుకుంటూనే సిటీలో ఒక చిన్న థియేటర్‌లో టికెట్ కౌంటరు దగ్గర పనిచేసేదాన్ని. రెండువేల పది దాటిన కొత్తలో, ఆస్ట్రేలియా నుంచి ఒక నాటకం బృందం అక్కడికి వచ్చింది. అందరూ అక్కడి ఆదివాసులే. వాళ్ల తాతల కాలంలో ఒక పశువుల ఎస్టేటులో జరిగిన కథ. మైళ్లకు మైళ్లు వాళ్ల నేలే, కానీ దొరది. మగవాళ్లు పశువుల్ని కాయాలి, ఆడవాళ్లు దొరసాని ఇంట్లో బట్టలుతకాలి, పిల్లల్ని పెంచాలి. జీతం బదులు పిండి, టీపొడి, పొగాకు. తిండి వెనక గుమ్మం దగ్గర రేకు పళ్లెంలో. చివరికి ఒకరోజు అందరూ దుప్పట్లు చుట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని, పని వదిలేసి నడిచి వెళ్లిపోతారు. నాటకం నడిపే పెద్దావిడ పేరు రూబీ. బృందంలో చిన్నా పెద్దా ఆవిడను "ఆంటీ రూబీ" అనేవాళ్లు. కొత్త మనుషుల్ని కూడా ఆంటీ అని పిలవడం మన తెలుగువాళ్ల జబ్బే అనుకున్నాను అప్పటిదాకా.

ఆ ఆఖరి నడకలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊళ్లో కష్టం చేసుకునే మనుషులు కొంతమంది, తమ పనిబట్టల్లోనే, నటుల వెనక స్టేజీ మీద నడిచి, మెట్లు దిగి, జనం మధ్యలోంచి వీధిలోకి వెళ్లిపోతారు. "మా వేషం వెయ్యక్కర్లేదు, మీరు మీలాగే రండి" అనేది రూబీ. నీకెవరైనా తెలుసా అని నన్నడిగింది. నేను ఆలోచించకుండా ఎస్తేరు ఆంటీ పేరు చెప్పాను. ఇంటికెళ్లి ఆంటీకి చెప్తే వంకాయలు తరుగుతూ, తలెత్తకుండా, "ప్రార్థన చేసి చెప్తానమ్మా" అంది. నేను పకపకా నవ్వాను. ఆంటీకి కూడా నవ్వొచ్చింది. అంకుల్‌కు రాలేదు. "లెటర్ రావాల్సిన టైంలో ఈ స్టేజీలు, ఊరేగింపులు మనకెందుకు స్వప్నా?" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. వాళ్లు వచ్చిన వీసా ఆ ఏడాది చివరికి అయిపోతుంది.

నడవకపోయినా, రిహార్సల్ చూడటానికి ఆంటీ ఒక శనివారం వచ్చింది. వట్టి చేతులతో రాలేదు. ఊరుగాని ఊరొచ్చిన వాళ్లు ఏం తింటున్నారో అని పెద్ద గిన్నెడు కోడి పలావు, ఉడకబెట్టిన గుడ్లు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. చీకట్లో నా పక్కన కూర్చుని చూసింది. ఒక దృశ్యంలో పనిమనిషి దొరసాని బిడ్డకు స్నానం చేయించి పాట పాడుతూ ఉంటుంది. ఆమె సొంత బిడ్డ బయట వాకిట్లో కూర్చుని ఆ పాట వింటూ ఉంటుంది. అంతే, ఇంకేమీ జరగదు. ఆంటీ కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూసి నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెప్పింది. వాళ్లమ్మ ఊళ్లో ఒక ఆసామి ఇంట్లో పశువుల కొట్టం ఊడ్చేది. ఆంటీకి మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువుకు సీటొచ్చిన రోజు, వాళ్లమ్మ ఆదివారం గుడికి మాత్రమే కట్టుకునే చీరాల చీర తీసి కట్టుకుని, పిల్లను బస్సెక్కించడానికి ఒక్కపూట సెలవడగడానికి వెళ్లింది. "వాకిట్లోనే నిలబెట్టి అడిగింది ఆ ఇంటామె. ఎవరి పెళ్లికే ఈ సోకు? పోయి ఊడ్చే గుడ్డ కట్టుకుని రా, అప్పుడు మాట్లాడదాం అంది. మా అమ్మ ఇంటికొచ్చింది. చీర మార్చుకుంది. పోయి ఊడ్చొచ్చింది. మళ్లీ అదే చీర కట్టుకుని నన్ను బస్టాండుకి తీసకపోయింది. దారిలో ఒక్క మాట మాట్లాడలా" అంది ఆంటీ. మా నాయనమ్మ గొంతు నాకు బాగా గుర్తు. మా పెద్దింటి వెనక వాకిలి ఊడ్చే లచ్చవ్వను, "ఏందే, పొద్దుగాలనే కొత్త చీర గట్టినవ్, ఏడికి పోతున్నవ్?" అని నాయనమ్మ అడిగితే, తాత పక్కన అరుగు మీద కూర్చుని నేనూ నవ్వాను. నేను ఎవరింట్లో ఉంటున్నానని అమ్మ ఫోన్లో అడిగినప్పుడల్లా, "ఆంధ్రావాళ్లు, మంచోళ్లే" అని ఊరుకునేదాన్ని. ఏమిట్లు అని కులం అడక్కముందే మాట మార్చేసేదాన్ని. ఆ బస్సులో ఆంటీ పక్కన, ఖాళీ పలావు గిన్నె నా ఒళ్లో పెట్టుకుని, సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట ఆంటీకి చెప్పేసరికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇల్లు చేరాక తాళం తీస్తూ ఆంటీ అంది, "ఆ రూబీకి చెప్పు, నేను వస్తాను." అంకుల్ ఆ వారమంతా మాట్లాడటం తగ్గించేశారు. పొద్దున ప్రార్థన మాత్రం పొడుగైంది.

ఆదివారం మధ్యాహ్నం ఆట. నడవాల్సిన వాళ్లందరూ ముందే వచ్చారు. మెరిసే పసుపు జాకెట్‌లో ఒక బస్సు డ్రైవరు, ఏప్రన్‌తో ఒక హోటలు వంటమనిషి, చీపురు బండితో సహా ఒక క్లీనరు. ఎస్తేరు ఆంటీ చర్చి నుంచి నేరుగా వచ్చింది. నీలం రంగు వెంకటగిరి పట్టుచీర, సన్న జరీ అంచు, భుజం మీద పైట మడతలు సరిచేసి పిన్ను పెట్టి, జుట్టు నున్నగా దువ్వి ముడి. నటుల్ని నడిపించే స్టేజ్ మేనేజర్ చేతిలో కాగితాలతో పరుగెత్తుకొచ్చి, బట్టలు మార్చుకుంటుందా అని నన్నడిగింది.

"యూనిఫామ్ ఏది ఆంటీ? పనిబట్టలు అని చెప్పిన గదా!" అన్నాను, ఏడుపు గొంతుతో.

"ఉతికి ఆరేశా."

"మరెట్ల?"

"ఎట్టా ఏంది పిల్లా? వాళ్లు పని మానేసి పోతున్నారు గదా. పని మానేసి పోయే రోజు పనిబట్టలు ఎవరన్నా కట్టుకుంటారా? ఉన్నదాన్లో మంచిది కట్టుకుంటారు."

రూబీ అక్కడే ఉంది. మా తెలుగు ఆవిడకు అర్థం కాలేదు కానీ, నా మొహం చూసి ఏదో గొడవని అర్థమైంది. ఆంటీ తనే ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ అదే చెప్పింది. రూబీ చీర అంచు రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. తర్వాత తన తల్లి గురించి చెప్పింది. ఎస్టేటు వదిలిన రోజు ఆవిడ దొరసాని ఇచ్చిన పాత గౌను అక్కడే తీగ మీద వేసేసి, తను దాచుకున్న పూలగౌను వేసుకుని నడిచిందట. "ఇన్ని ఊళ్లలో ఆడాం, నాకే గుర్తు రాలేదు" అంది. పనిమనిషి వేషం వేసే అమ్మాయిని పిలిచి, చివరి దృశ్యానికి నీ సొంత బట్టలు వేసుకో అని చెప్పింది. ఎస్తేరు ఆంటీని ఆ అమ్మాయి పక్కన, ముందు వరసలో నిలబెట్టింది.

నేను సంతోషంగా కౌంటరు దగ్గరికి వచ్చేసరికి, వీధిలో ఒక తెల్ల వ్యాను ఆగి ఉంది. ఆంటీ పనిచేసే రెస్ట్‌హోమ్ వ్యాను. మధ్యాహ్నం ఆటలకు రెస్ట్‌హోమ్‌లకు ఉచిత టికెట్లు పంపడం మా థియేటర్ అలవాటు. ఊళ్లోని రెస్ట్‌హోమ్‌ల జాబితా ముందు పెట్టుకుని, చిరునామాలు రాసి, ఆ కవర్లన్నీ పోస్టు చేసింది నేనే. అందులో ఈ పేరు కూడా ఉందని చేత్తో రాస్తూ కూడా నా బుర్రకు తట్టలేదు. ఆరుగురు ముసలివాళ్లు దిగారు. మనుషులు చాలక వ్యాను నడుపుకుంటూ వచ్చింది సాక్షాత్తూ మేనేజరే. వాళ్లను మూడో వరసలో కూర్చోబెట్టి, నేను తెర వెనక్కి పరుగెత్తాను. "ఆంటీ, మీ మేనేజర్ వచ్చింది. మీరు నడవకున్నా ఎవరేమనరు. ఇప్పుడే పోవచ్చు" అన్నాను. ఆంటీ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత అడిగింది, "ఎవరెవరిని తీసుకొచ్చింది? జీన్ కూడానా? హాల్లో చలిగా ఉంటదే, ఒళ్లో దుప్పటి వేశారా?" వెయ్యలేదు. "ముందు పోయి వెయ్యి" అంది.

వేశాను. ఆఖరి దృశ్యం వచ్చింది. నా పని తలుపు తెరిచి పట్టుకోవడం, నడిచేవాళ్లు వీధిలోకి వెళ్లేదాకా. నటులు ముందు, వాళ్ల పక్కన నీలం చీరలో ఆంటీ, వెనక మిగతావాళ్లు. సంగీతం లేదు, అడుగుల చప్పుడే. ఆంటీ తల దించుకోలేదు, జనం వంకా చూడలేదు. మెట్లు దిగి మూడో వరస దగ్గరికి వచ్చేసరికి ఆ నిశ్శబ్దంలో జీన్ గొంతు, బడిలో పిల్లల్ని పిలిచినంత గట్టిగా, "అదిగో, నా ఎస్తేర్!" అంది. హాలంతా వినిపించింది. ఆంటీ ఆగి, జీన్ దుప్పటి భుజాల దాకా లాగి, మళ్లీ నడిచింది. అప్పుడే వెనక వరసలో ఎవరో లేచారు. టికెట్ ఎప్పుడు కొన్నారో, నా కంట పడకుండా ఎలా వచ్చారో, ప్రసాద్ అంకుల్. మోకాళ్లు అడ్డొస్తున్న వాళ్లందరికీ సారీ, సారీ అంటూ బయటికి వచ్చి, చర్చి కోటు గుండీ పెట్టుకుని, ఆంటీ వెనకే నడిచి, నేను తెరిచి పట్టుకున్న తలుపులోంచి ఎండలోకి వెళ్లిపోయారు. నేను ఏడుస్తూ తలుపు పట్టుకుని నిలబడ్డాను.

లెటర్ రాలేదు. హెడ్డాఫీసు, సంతకం, వచ్చేవారం అంటూ నెలలు గడిచాయి. వీసా ముగిసేలోపు డునెడిన్‌లో ఇంకో రెస్ట్‌హోమ్ వాళ్లు ఉద్యోగం ఇస్తామంటే, సామానంతా ఒక చిన్న ట్రక్కులో వేసుకుని అంత దూరం, ఇంకా చలి ఊరికి వెళ్లిపోయారు. ఆంటీ వెళ్లేముందు యూనియన్ కాగితం మీద సంతకం పెట్టింది. అన్నీ మళ్లీ మొదటినుంచి. రెసిడెన్సీ రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. నాకు మాత్రం ఈ దేశంలో పెద్దగా అడ్డంకులేమీ రాలేదు. చదువు, ఉద్యోగం, పాస్‌పోర్టు, వెల్లింగ్టన్‌లో ఇల్లు. ఆఫీసులో ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తారు. ఎవరైనా సెలవడిగితే ఒక్కోసారి నాకు తెలియకుండానే ఎందుకని అడుగుతాను. అడిగాక నాలుక కరుచుకుంటాను. ఇన్నేళ్లలో, ఆంటీ పేరు విన్నప్పుడల్లా ఆ కవరు గుర్తొచ్చేది. నేనే చిరునామా రాశాను, నేనే స్టాంపు అంటించాను. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

మౌంట్ ఆల్బర్ట్‌లో కారులో కూర్చునే ఆంటీకి ఫోన్ చేశాను. ఇల్లు కూల్చేశారని చెప్తే, "పోనీలే, చలికి ఎముకలు కొరికేసేది" అంది. తర్వాత ఏమైందో, ఉండబట్టలేక అంతా చెప్పేశాను. లచ్చవ్వ సంగతి, అమ్మతో దాచిన సంగతి, చివరికి కవరు సంగతి. "ఆ కవరు నేను పంపకపోతే మీకు లెటర్ వచ్చేది ఆంటీ" అన్నాను.

"లెటర్ తయారైందమ్మా" అంది ఆంటీ. "ఆట మర్నాడు, సోమవారం పొద్దున్నే మేనేజర్ పిలిచి, తలుపేసి కూర్చోబెట్టింది. టేబుల్ మీదే ఉంది లెటరు, టైపు చేసి. సంతకమే తక్కువ. ఆవిడ మంచిగానే మాట్లాడింది. ఆ నడిచినావిడ చీరలో ఉంది, చీకట్లో నేను సరిగా చూళ్లేదు, జీన్ నిన్నటి నుంచి అందరికీ నీ పేరే చెప్తోంది, అది నువ్వు కాదు కదా ఎస్తేర్, అంది. కాదంటే చాలు, సంతకం పెట్టేస్తుంది. ఈమధ్య జీన్‌కి కన్‌ఫ్యూజన్ ఎక్కువైందని నోట్స్‌లో రాసేస్తానంది."

"రాస్తే?"

"రాస్తే జీన్‌ని తాళం వేసే వార్డుకి మారుస్తారు. మతి తప్పినోళ్లని పెట్టేది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? జీన్‌కి మతి బాగానే ఉంది, ఆమె చూసింది నన్నే అన్నా. అని లేచొచ్చేశా. టీ టైం అయిందమ్మా అప్పటికి, జీన్‌కి కప్పు పట్టుకోవాలి."